పడవ ఎవరిది

"ఈయాల ట్వాంటే ఊళ్ళో ఈ పడవ అమ్మేస్తన్నాను. నువ్వు ఏలిముద్ర ఎయ్యాలి, అంతే," అన్నాడు కనకరాజు, చెప్పుల కాళ్ళతోనే పడవ ముందు కొన మీదికెక్కి.

అచ్చెన్న ఆ చెప్పుల కేసి చూశాడు. గంగమ్మకి పువ్వు పెట్టే చోటు అది. దలా రేవులో పడవ మీద బతికేవాడెవడూ, బర్మా వాడైనా తెలుగు వాడైనా, అక్కడ చెప్పు పెట్టడు. నది అవతల లత పేటలో బట్టలకొట్టు నడిపే కనకరాజుకి ఆ మాత్రం తెలీదు. పదేళ్ళుగా ఈ గూడు పడవకి తానే ఓనరునని చెప్పుకుంటున్నాడు గాని, ఇందులో ఒక్క పూట కుదురుగా కూచుని ఎరగడు.

"అమ్మేస్తే మేం ఎక్కడుంటాం బాబూ?" గూడులోంచి తల బయటపెట్టి అడిగింది అచ్చెన్న భార్య సూర్యావతి. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆ ముసలివాళ్ళకి ఇల్లూ వాకిలీ అన్నీ ఆ గూడే.

"నానేటి సత్రం నడుపుతన్నానా? కొనేవోడు కర్రల యాపారి. రేపీపాటికి పలకలు ఊడదీసేస్తాడు. ఆనవాలు కూడా మిగలకూడదు."

ఎందుకు మిగలకూడదో అచ్చెన్నకి తెలుసు. ఆగస్టులో ఊరంతా సర్కారు మీద తిరగబడ్డప్పుడు, గెలుపు వాళ్ళదేననుకుని, నుదుటికి ఎర్రగుడ్డ కట్టుకుని నది దాటడానికి ఈ పడవని కాలేజీ కుర్రాళ్ళకిచ్చింది కనకరాజే. జెండా పట్టుకుని ఫొటో కూడా తీయించుకున్నాడు. సెప్టెంబరులో సైన్యం తుపాకులతో దిగేసరికి ఫొటో పొయ్యిలోకీ ఎర్రగుడ్డ నదిలోకీ పోయాయి. ఇప్పుడు పడవ వంతు.

"ఏలిముద్ర ఎయ్యనంటే?" అంది సూర్యావతి.

"నీ మొగుడి తల్లి బర్మా మనిషి గనక ఆడికి ఈ దేశం కార్డుంది. నాది పరదేశీ కార్డు. అందుకే గదా పడవ ఆడి పేరున రాయించాను. కుర్రోళ్ళని దాటించింది ఎవులని మిలట్రీ వోళ్ళు అడిగితే, ఆ కాయితం సూపించేస్తాను. ఆ పైన మీ ఇష్టం."

సూర్యావతి గిన్నె మీద మూత ఠంగున పడేసింది. "ఎర్రగుడ్డ బాగా నప్పింది బాబూ నీకు. ఇప్పుడు ఏ రంగు కడతావు?"

పోటు మొదలై నీళ్ళు ట్వాంటే కాలవలోకి తిరిగాయి. డీజిలు దొరక్క ఇంజను మూలబడి రెండు నెలలైంది. అచ్చెన్న తాడు విప్పి గెడ అందుకున్నాడు.

కాలవలో కోసెడు దూరం వెళ్ళకుండానే కనకరాజుకి ఓర్పు నశించింది.

"ఏటిరా ఈ నత్త నడక? ఇలా తే," అని గెడ లాక్కుని బలమంతా పెట్టి నీళ్ళలో గుచ్చాడు. అది బురదలో దిగబడింది. పడవ ముందుకు పోయింది. గెడ రాలేదు. గెడ వదలాలన్న తెలివి కనకరాజుకి లేదు. రెంటికీ మధ్య బారుగా సాగిపోయి నీళ్ళ మీదికి వేలాడుతుంటే, అచ్చెన్న అతని నడుం పట్టుకుని వెనక్కి గుంజాడు. ఇద్దరూ పడవ అడుగున నిలిచిన మట్టినీళ్ళలో పడ్డారు.

"ముట్టుకోకురా, కంపు చేతులు," అని కనకరాజు విదిలించుకుని లేచాడు. చొక్కా తీసి ఉతకమని సూర్యావతి మీదికి విసిరాడు. ఒంటి నిండా మట్టితో, తడి లుంగీతో గూడుకి ఆనుకుని కూచున్నాడు. అచ్చెన్న తెడ్డుతో పడవని వెనక్కి తిప్పి, ఒక్క మెలి తిప్పి గెడ పీకాడు.

వంపు తిరగ్గానే ఈల వినిపించింది. ఒడ్డున సిపాయిలు. నడుముకి పిస్తోలున్న ఆఫీసరు చెయ్యి ఊపి పిలిచాడు. అచ్చెన్న పడవ ఒడ్డుకి చేర్చాడు.

"పడవ ఎవరిది?" ఆఫీసరు బర్మాలో అడిగాడు.

కనకరాజు మొహంలో నెత్తురు లేదు. "ఇతనిది బోజీ దొరా," అంటూ బర్మాలోనే జవాబిచ్చి, నడుం దగ్గరి ప్లాస్టిక్ సంచిలోంచి కాగితం తీసి రెండు చేతులా అందించాడు. "ఇదిగో, ఇతని పేరే ఉంది. నాకేం సంబంధం లేదు. గెడ వేసే కూలీని."

ఆఫీసరు కాగితం చదివి అచ్చెన్న వైపు తిరిగాడు. "నిజమేనా? వీడు నీ కూలీయేనా?"

అచ్చెన్న చూపు ఆఫీసరుని దాటి, చెట్ల వెనక తాళ్ళతో కట్టి కూచోబెట్టిన మనుషుల మీదికి పోయింది. తెలుగులో మెల్లగా అన్నాడు. "బాబూ, ఆ మాట ఎనక్కి తీసుకో. ఒకపాలి ఆ సెట్ల కేసి..."

"నోర్ముయ్యి. అవునను," అన్నాడు కనకరాజు పళ్ళు బిగించి. ఆఫీసరు చెయ్యి పిస్తోలు మీదికి పోవడం చూసేసరికి గొంతు తగ్గించాడు. "అవునను మావా. నీ కాళ్ళట్టుకుంటాను. పడవ నువ్వే ఉంచీసుకో. నాను కూలోణ్ణని ఒక్క ముక్క సెప్పు."

మావా అనడం పదేళ్ళలో అదే మొదలు.

"పడవ నాదే," అన్నాడు అచ్చెన్న బర్మాలో. "ఇతను నా కూలీ."

ఆఫీసరు కాగితం మడిచి అచ్చెన్న చేతిలో పెట్టి, సిపాయిల వైపు తిరిగాడు. "ఓనర్ని పోనివ్వండి. కొండల్లోకి మన మూటలు మొయ్యడానికి ఒకడు తక్కువయ్యాడు గదా, ఆ కూలీని దింపండి."