మెడపట్టీ

ఓబులమ్మ తన మేకపోతుకు దొంగచాటుగా ఏదో మందు పెడుతోందని, లేకుంటే ఇరవై రోజుల్లో అంత ఒళ్లు ఎట్లా చేస్తుందని పక్కింటి కుళ్లాయమ్మ కొళాయి దగ్గర అందరితో అంటోందట. ఆ మాట మోసుకొచ్చిన మొగుడు గిడ్డయ్య నవ్వాడు. ఓబులమ్మ నవ్వలేదు.

మందూ లేదు మాకూ లేదు. ఊళ్లో అన్ని దొడ్ల మాదిరే వాళ్ల దొడ్లోనూ మేత యంత్రం ఉంది. మేక తల పెడితే చాలు, మెడపట్టీని గుర్తుపట్టి దానికి తగిన మేత తొట్లో పోస్తుంది. ఏ మేక ఎట్లుందో కూడా ఆ పట్టీని బట్టే రోజూ ఫోన్‌కు పంపుతుంది. చూడి మేకకు దాణా, ఉలవలు. పోతుకు వట్టి శనగకట్టె. ఈసారి జాతరలో అందరికన్నా పెద్ద పోతు తనదే కావాలని ఓబులమ్మ ఆ రెండింటి పట్టీలు మార్చింది.

నాలుగు రోజులే అనుకుంది. పోతు నిగనిగలాడేసరికి మళ్లీ మార్చడానికి చెయ్యి రాలేదు. చూడి మేక రోజూ తొట్టి అడుగు నాకి, ఆమె కొంగు మూతితో లాగేది. ఆమె కొంగు విడిపించుకుని, ఫోన్లో ‘చూడి మేక క్షేమం’ అని చదువుకుని లోపలికి పోయేది.

ఈ పొద్దు అది కూలబడి లేవలేదు. పశువుల డాక్టరమ్మ పొట్ట తడిమి చూసింది.

“లోపల రెండు పిల్లలున్నాయి. తల్లికేమో తిండి లేదు. మూడూ దక్కేది కష్టం.”

ఓబులమ్మ పట్టీల సంగతి చెప్పింది. “ఫోన్లో మాత్రం రోజూ క్షేమమనే వచ్చింది డాక్టరమ్మా” అంది చివరికి.

గిడ్డయ్య మేక తల ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఫోను చూసింది పోతును. మేకను చూసింది నువ్వు గదా.”