పిరికాయన

“దీనికి బెల్టేదీ?”

పెద్దాయన కారులోకి తొంగిచూసి అడిగాడు.

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళంతా ఆహా ఓహో అంటుంటే, ఈయనొచ్చి వంక పెట్టాడు.

అది పాతకాలం రేసుకారు. చుట్టలా పొడవాటి సన్నటి ఒళ్ళు, పైన కప్పు లేదు, నాలుగు చక్రాలూ బయటికే. ఒకప్పుడు మెకానిక్ తండ్రి నడిపిన కారు. షెడ్డు మూల తుప్పుపట్టి పడున్నదాన్ని మెకానిక్ ఆరేళ్ళు చాకిరీ చేసి బాగుచేశాడు. ఇవాళ పాత కార్ల ప్రదర్శన. సాయంత్రం అతని కూతురు దాన్ని మూడు రౌండ్లు నడపబోతోంది.

“ఆ రోజుల్లో బెల్టుల్లేవండీ. అప్పుడెలా ఉందో అలాగే ఉంచాను. ఒక్క కొత్త బోల్టు కనిపించినా జడ్జీలు మార్కులు కోసేస్తారు.”

“మార్కులు పోతే పోనీ నాయనా. నడిపేదెవరు?”

“మా అమ్మాయి.”

“అయితే తప్పకుండా పెట్టించు. ఈ పక్కో పెట్రోలు ట్యాంకు, ఆ పక్కో పెట్రోలు ట్యాంకు, మధ్యలో మనిషి. దేనికన్నా గుద్దుకుంటే ఎగిరి అవతల పడతాడు.”

“పడాలనే! మా నాన్న బతికింది అలాగే. కారు అంటుకుంటే ఎగిరి గడ్డిలో పడ్డాడు. ‘బెల్టు కట్టుకునుంటే బూడిదయ్యేవాణ్ణిరా’ అని నాకు వందసార్లు చెప్పాడు.”

పెద్దాయన ఏదో అనబోయి ఆగాడు.

“అలా చెప్పాడా?” అన్నాడు చివరికి.

ఇంతలో మైకు పట్టుకుని తిరుగుతున్న వ్యాఖ్యాత ఆయన్ని గుర్తుపట్టాడు.

“అరే, మీరు పిరికాయన కదూ!”

ఆ పేరు వినగానే జనం మూగారు. పాత రేసుల కబుర్లు తెలిసినవాళ్ళెవరికైనా పిరికాయన తెలుసు. అందరికంటే ముందుండి, చివరి రౌండులో కారాపేసి దిగిపోయిన మనిషి. ఆ తర్వాత మళ్ళీ రేసుకారెక్కలేదు. బెల్టులు పెట్టండి, ప్రతి మలుపు దగ్గరా మంటలార్పేవాళ్ళని పెట్టండి అంటూ కనపడ్డవాళ్ళందరి కాళ్ళావేళ్ళా పడ్డాడు. వాళ్ళు ఆయనకి పెట్టింది ఆ పేరొక్కటే.

పెద్దాయన ఆ మాట విననట్టే సంచిలోంచి బెల్టు తీశాడు.

“గంట పని. నేనే బిగిస్తాను. నీకు శ్రమక్కర్లేదు.”

మెకానిక్ వ్యాఖ్యాత చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

“చూడండి, చూడండి! పిరికాయనగారు బెల్టు పట్టుకొచ్చారు! తీసుకెళ్ళి మీ పడక్కుర్చీకి కట్టుకోండి సార్, నిద్రలో జారిపడతారేమో!”

జనం విరగబడి నవ్వారు. పెద్దాయన కూడా కొంచెం నవ్వి, బెల్టు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

“ఏంటి నాన్నా ఆ మాటలు? అంత పెద్దాయన్ని పట్టుకుని!” అంది కూతురు.

“నువ్వూరుకో. వెళ్ళి హెల్మెట్ పెట్టుకో.”

మూడో రౌండులో వెనక చక్రం జారింది. కారు గిర్రున తిరిగి, టైర్లు పేర్చిన గోడకి పక్కవాటుగా కొట్టుకుంది. కారుకి కాస్త రంగు లేచింది, అంతే. అమ్మాయి మాత్రం ఎగిరి గోడ అవతల పడింది.

మెకానిక్ పరుగెత్తుకెళ్ళేసరికి పెద్దాయన అప్పటికే అక్కడున్నాడు. ఇంటికి పోకుండా ఆ మలుపు దగ్గరే నిలబడి ఉన్నాడట. మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మాయి తలని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ముట్టుకోకు! నీ నోరు పడిపోను! నువ్వన్నావు, అదే జరిగింది!” మెకానిక్ ఆయన భుజం పట్టి గుంజాడు.

“తర్వాత తిట్టు నాయనా. స్ట్రెచరొచ్చేదాకా మెడ కదలకూడదు.”

ఆయన చేతులు వదల్లేదు.

ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి చెప్పింది.

“ప్రాణానికేం భయం లేదు. కాలు మాత్రం మునుపటిలా అవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. మెడ కదలకుండా ఎవరో పట్టుకున్నారట కదా? వాళ్ళకి దణ్ణం పెట్టుకోండి. లేకపోతే జీవితాంతం మంచమే.”

మెకానిక్ గేటు దాకా పరుగెత్తాడు. రోడ్డు మీదికెళ్ళి అటూ ఇటూ చూశాడు. పెద్దాయన ఇంతసేపూ బయటే నిలబడి, పిల్లకి ప్రాణభయం లేదని నర్సు చెప్పాక వెళ్ళిపోయాడట. ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు.

తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. పడక్కుర్చీ మాట గుర్తొచ్చి చచ్చేంత సిగ్గేసింది. ఆ నవ్వులన్నీ ఇప్పుడు తన మొహం మీద పడుతున్నట్టుంది.

మెకానిక్ తల్లి వచ్చింది. జరిగిందంతా విని ఒక్కటే అడిగింది.

“ఆయనంతలా చెప్పినా బెల్టు పెట్టించలేదా?”

“నాన్న చెప్పాడు కదమ్మా, ఎగిరి పడబట్టే బతికానని!”

“ఎక్కడ ఎగిరాడురా? కాళ్ళు ఇరుక్కుపోయి లోపలే ఉన్నాడు. మంటల్లో కేకలు పెడుతున్నాడు.”

మెకానిక్ బెంచీ మీంచి లేచాడు.

“మరి... ఎలా బయటపడ్డాడు?”

“ఒకతను లోపలికి దూరి లాగాడు. ఆ మలుపులో చూసేందుకు ఇంకో మనిషి లేడు. ఇంకొకడు లాగితే బతికానని చెప్పుకోవడం మీ నాన్నకి నామోషీ. ఎవరికీ చెప్పొద్దని అతని దగ్గర మాట తీసుకున్నాడు, నా దగ్గరా తీసుకున్నాడు. పాపం, అతను మాట మీద నిలబడ్డాడు. నేను నీ దగ్గరైనా నోరు విప్పాల్సింది, విప్పలేదు. ఈ పాపంలో నాకూ భాగముంది.”

“ఎవరమ్మా అతను?”

తల్లి కొడుకు మొహంలోకి చూడలేక గోడవైపు తిరిగింది.

“ఇంకో నిమిషం నడిపితే గెలిచేవాడు, మీ నాన్న కేకలు విని కారాపి దిగాడు, నువ్వు ఇవాళ మైకులో అందరినీ నవ్వించావే, ఆయనేరా.”