కడియం తీసిన కాళ్ళు

షుగరొచ్చిన వాళ్ళందరి కాళ్ళకూ ఇప్పుడు నొప్పిని ఆపే కడియాలే. ఊళ్ళో షుగరు రాక, కడియాల్లేని ఉత్తకాళ్ళతో తిరిగే నలుగురైదుగురిలో భూదవ్వ ఒకతె. ఆమె భర్త, కుమ్మరి గాలయ్య, కడియాలు తొడుక్కుని ఏడేళ్ళయింది. అరికాళ్ళలో నిప్పులు పోసినట్టుండే మంట ఆ రోజే పోయింది.

మొన్న ఆవంలో కాల్చిన బోనం కుండలు పదకొండు పగిలాయి. పగిలిన ప్రతిచోటా ఒక చిన్న రాయి. మట్టి తొక్కేటప్పుడు లోపలి రాయి అరికాలికే తెలియాలి.

కడియాలే ఆ స్పర్శను ఆపుతున్నాయనుకుని, ఈ ఉదయం గాలయ్య వాటిని విప్పాడు.

"పానం నిలువది నీకు. మిషన్ల జల్లించిన మట్టి తెచ్చుకుందాం," అంది భూదవ్వ.

"తల్లి బోనానికి మన చెరువు మట్టే కావాలె."

ఆమె భుజం పట్టుకుని మట్టి తొక్కసాగాడు. కాసేపటికే మంట లేచింది. పళ్ళు బిగబట్టి ముద్దంతా రెండుసార్లు తొక్కాడు. ఒక్క రాయీ తగల్లేదు.

"మంటొక్కటే వచ్చిందే," అన్నాడు మెల్లగా.

భూదవ్వ కాళ్ళు కడుక్కుని, చీర ఎగదోపి మట్టిలో దిగింది. అతను తొక్కిన చోటే ఆమె కాలు ఆగింది. వంగి, కందిగింజంత రాయి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"గిదేనా?"

గాలయ్య గుప్పిట మూశాడు. చేతికింకా తెలుస్తోంది.