నడుము గట్టిపడ్డాక

"వంచాల్సింది నడుము కాదమ్మా, మోకాళ్ళు," అంది ఫిజియోథెరపిస్టు వర్షిత. "నర్సులందరికీ ఉండేదే ఈ నొప్పి. పేషెంట్లను ఎత్తీ దించీ వస్తాది."

చాప మీద వెల్లకిలా పడుకున్న శాంతకుమారి మోకాళ్ళు ముడిచి నడుము పైకి లేపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా దించలేదు.

"ఈ పొద్దుకు సాలు."

"ఇంకొక్కసారి మేడం."

శాంతకుమారి పుంగనూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సు. డ్యూటీ లేని రోజు బస్సెక్కి మదనపల్లెకు వచ్చి కసరత్తులు నేర్చుకుంటుంది. ఇంటికెళ్ళాక వాటిని భర్త మంచం పక్కనే చేస్తుంది.

భర్త ముద్దుకృష్ణకు ఈ ఏడే పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ఒక్క "వద్దు" మాత్రం మిగిలింది. అన్నం కలిపి పెట్టినా, స్నానానికి లేపినా అదే మాట. ఆమె చాప పరిచిందంటే చాలు, మొహం గోడవైపు తిప్పుకుంటాడు.

ఒకరోజు కుప్పం నుంచి అతని చెల్లెలు వచ్చింది.

"నీకే నడుము బాగలేదు వదినా. అన్నను కొన్నాళ్ళు నేను పిల్సకపోతా."

"యాల? ఆయన్ను నేనే సూసుకుంటా," అంది శాంతకుమారి.

ముద్దుకృష్ణ చెల్లెలి చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. బొటబొటా కన్నీళ్ళు కార్చాడు. భార్య మంచితనానికి కరిగిపోతున్నాడనుకుని చెల్లెలు కూడా ఏడ్చింది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

నెలలు గడిచాయి. నొప్పి తగ్గింది. ఇదివరకు అతన్ని పక్కకు ఒత్తిగిల్లించాలన్నా పక్కింటి జైనాబ్ సాయం రావలసి వచ్చేది. ఇప్పుడు శాంతకుమారి ఒక్కతే లేపి కూర్చోబెడుతోంది.

"ఇంక నువ్వు రాకపోయినా ఏం లేదు జైనాబ్," అని చెప్పేసింది.

చలికాలం వచ్చింది. ఒకరోజు పొద్దున అతన్ని మంచం మీది నుంచి లేపి బయటికి నడిపించుకొచ్చింది.

"యాడికక్కా?" గోడవతల నుంచి అడిగింది జైనాబ్.

"మిద్దె మీదకి. ఎండ తగిలితే మంచిది."

"మీ మాదిరి సూసుకునేవాళ్ళు యాడుంటారక్కా!" అంటూ జైనాబ్ లోపలికి వెళ్ళిపోయింది.

శాంతకుమారి అతని ఎడమ చెయ్యి తన భుజం మీద వేసుకుంది. నడుం చుట్టూ చెయ్యి బిగించింది. మోకాళ్ళు వంచి బరువు పట్టి, ఒక్కో మెట్టూ ఎక్కించింది. నడుము ఎక్కడా పట్టెయ్యలేదు.

"వద్దు... వద్దు..." అతను వణుకుతున్నాడు.

పైమెట్టు చేరాక అతన్ని మెల్లిగా కిందివైపుకు తిప్పి నిలబెట్టింది.

"సూడు, ఎంత ఎత్తు ఉండాదో," అంది.

శాంతకుమారి నడుము దెబ్బతిన్నది ఆసుపత్రిలో పేషెంట్లను ఎత్తి కాదు, పోయినేడు ఇదే మెట్టు మీద నుంచి అతను తోస్తే.