గుట్ట ఎక్కిన జీపు

“ఇక్కడే ఆపెయ్. అందరిలా మనమూ నడిచిపోదాం,” అంది దెసాంక.

గుట్ట కింద సత్రం ముందు చుట్టాల కార్లన్నీ మంచు కప్పుకుని వరసగా నిలబడి ఉన్నాయి. పైన జివోయిన్ ఇంట్లో స్లావ. ఇంటిని కాపాడే పునీతుడి పండగ కాబట్టి పిలుపులుండవు, రావలసినవాళ్లు వచ్చి తీరాలి. అందులోనూ జివోయిన్ దెసాంక, రాంకోల పెళ్లికి సాక్షిగా నిలబడ్డవాడు, మా సెర్బుల్లో అది అన్నదమ్ముడికన్నా పెద్ద వరస. వెళ్లడం తప్పదు. ఎలా వెళ్లాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

రాంకో జీపు ఆపలేదు. మూడేళ్లుగా ఇలాంటి రోజు కోసమే కాచుకుని ఉన్నాడు మరి. బెల్‌గ్రేడ్‌లో ఆరో అంతస్తు ఫ్లాటుకీ, ఆఫీసుకీ, కూరగాయల అంగడికీ మధ్య తిరగడానికి నాలుగు చక్రాలూ లాగే బండి దేనికని దెసాంక దెప్పని రోజు లేదు. అది ఇంతవరకూ ఎక్కిన ఎత్తల్లా పేవ్‌మెంటేననీ, అదీ పార్కింగ్ దొరక్క ఎక్కిందనీ నలుగురిలో అనేది. అని ఊరుకుందా, కొనేవాణ్ని కూడా కుదిర్చింది. రేపు సాయంత్రం బండి చూసుకోవడానికి వస్తున్నాడు. ఈలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఈ బండి లేకపోతే పని జరగదని రుజువు చేస్తే మాత్రం మళ్లీ అమ్మకం మాట ఎత్తనని ఒట్టు వేసింది.

“పోనీ చక్రాలకి గొలుసులైనా కట్టు,” అంది.

“గొలుసులూ, మంచులో జారని చలికాలం టైర్లూ మామూలు కార్లకి. దీనికి మీట ఉంది,” అన్నాడు రాంకో.

మంచుపువ్వు బొమ్మ ఉన్న మీట అది. కొన్ననాటి నుంచీ నొక్కకుండా దాచుకున్నాడు. ఇప్పుడు చూపుడువేలితో మెల్లగా నొక్కితే పచ్చ దీపం వెలిగింది. రాంకో మొహం అంతకన్నా వెలిగింది.

సరిగ్గా అప్పుడే ఊరి చర్చి ఫాదర్ తిమోతి (మాలో ఫాదర్లూ పెళ్లాడతారు) నల్ల అంగీని మోకాళ్లదాకా ఎత్తిపట్టుకుని నడకన బయల్దేరుతూ కనిపించాడు. ఆయన వెళ్లి పండగ రొట్టె కోస్తేగాని పైన ఎవరూ ముద్ద ముట్టరు. ఆయన బండి మొదటి మలుపులోనే వెనక్కి జారిందట, చేసేది లేక సత్రం దగ్గర వదిలేశాడట. రాంకో ఆయన్ని బతిమాలి మరీ వెనక సీట్లో కూర్చోబెట్టాడు. దెసాంక కళ్లు మూసుకుని సిలువ గుర్తు వేసుకుంది.

జీపు ఒకసారి మూలిగింది, ఒకసారి పక్కకి ఊగింది, తర్వాత బుద్ధిగా ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి మలుపు దాటింది. రాంకో ఏదో పాట కూనిరాగం తీస్తూ రెండో మలుపు తిప్పాడో లేదో, మెడకి చల్లగాలి తగిలి పాట ఆగిపోయింది.

చల్లగాలి సూటిగా కొడితే మెడ పట్టేస్తుందనీ, మూతి వంకరపోతుందనీ మాలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. రాంకో అయితే జూలై ఎండల్లో సైతం అద్దాలన్నీ బిగించుకుని చెమటలు కక్కుతూ నడిపే రకం.

“ఫాదర్, అద్దం ఏమైనా దించారా?”

“దేవుడి మీద ఒట్టు, ముట్టుకోలేదు నాయనా. నాకూ ఎక్కడినుంచో కొడుతోంది.”

దెసాంక శాలువా మెడకి చుట్టుకుని తలుపు సందులు తడిమి చూసింది. ఎక్కడా చిల్లు లేదు. బండి శక్తంతా చక్రాలకే పోతోందనీ, ఇక మనుషులకి వేడి ఎక్కడ మిగులుతుందనీ రాంకో తేల్చేశాడు. మిగతా ఇద్దరికీ అది సబబుగానే తోచింది. ముగ్గురూ మెడలు పట్టుకుని గుట్ట పైకి చేరారు.

జీపు గుమ్మం ముందు ఆగేసరికి జివోయిన్ కోటైనా వేసుకోకుండా మంచులోకి పరుగెత్తుకొచ్చి రాంకోని కౌగిలించుకున్నాడు. రొట్టె కోశారు, పునీతుడి పటం ముందు కొవ్వొత్తి వెలిగించారు, ప్లమ్ సారా గ్లాసులు నిండాయి. జివోయిన్ లేచి, తన ఇంటి పండగ నిలబెట్టిన ఆ నాలుగు చక్రాలూ చల్లగా ఉండాలని దీవించి గటగటా తాగాడు. రాంకోకి కళ్లమ్మట నీళ్లు ఒక్కటే తక్కువ.

“సరే, ఓడిపోయాను. ఉంచుకో నీ జీపు,” అంది దెసాంక. కొనేవాడికి రావద్దని చెప్పడానికి ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది.

ఫాదర్ తిమోతి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“నేను కింద వదిలేసి వచ్చింది అచ్చం నీ బండే నాయనా. రంగొక్కటే తేడా. నాది ఎక్కలేదు, నీదెలా ఎక్కింది?”

“మంచుపువ్వు మీట నొక్కాలి ఫాదర్. అప్పుడు వెనక చక్రాలు కూడా లాగుతాయి.”

ఫాదర్ అటూ ఇటూ చూసి గొంతు బాగా తగ్గించాడు. “ఈ రకంలో లాగేవి ముందు రెండు చక్రాలే. ఆ మీట ఏసీది. ఆగస్టులో ఒక్కణ్నే ఉన్నప్పుడు నేనూ నొక్కుతుంటాను. మా ఆవిడతో మాత్రం అనకు.”

రాంకో చెయ్యి దానంతటదే మెడమీదికి పోయింది. ఈ మాట దెసాంక చెవిన పడితే జీపు రేపటికి ఉండదు. మరైతే ఎలా ఎక్కిందని గుసగుసగా అడిగాడు. ఫాదర్ తనకీ అంతుబట్టక గోడమీది పునీతుడి పటం వైపు చూసి దణ్ణం పెట్టాడు.

కిటికీ దగ్గర దెసాంక ఫోనులో నొచ్చుకుంటోంది.

“ఏమనుకోకండి, అమ్మడం లేదు. మీరొచ్చి చూస్తారు కదా అని, ఆయనకి చెప్పకుండా మొన్న గురువారమే నాలుగూ కొత్త చలికాలం టైర్లు కూడా వేయించాను.”