లిఫ్టులో గుప్పుమన్న సంగతి

"సెంటర్లో ఇరుక్కుందీ!" అని గరగరలాడింది లిఫ్టులోని స్పీకరు.

"సెంటా? నా దగ్గర సెంటేమీ లేదండీ!" అని గావుకేక పెట్టాడు మొగుడుగారు.

స్పీకర్లో అరిచింది కింది కాపలావాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందని పాపం అతని గోల. అడక్కుండానే జవాబు చెప్పిన పెద్దమనిషి వంక లిఫ్టులోని మిగతా ఇద్దరూ తిరిగి చూశారు. ఒకరు పన్ను పీకించుకోవడానికి బయల్దేరిన బామ్మగారు. ఇంకొకరు తనంత అట్టపెట్టె మోస్తున్న కొరియరమ్మాయి. మూడో మనిషి ఈయన. ఎవరి మొగుడో తర్వాత చూద్దాం, ప్రస్తుతానికి మొగుడుగారు అనుకుంటే చాలు.

కంగారులో ఆయన చొక్కా జేబుని చేత్తో గట్టిగా అదిమాడు. లోపల టప్పుమంది.

మరుక్షణం లిఫ్టంతా గుప్పుమంది. కాచిన పాలు, కరిగిన పంచదార, వాటి మీద వెచ్చగా ఏవో తెల్లపూలు. జేబు దగ్గర మొదలైన తడి పొట్ట మీదుగా ప్యాంటు దాకా దిగింది. లిఫ్టు ఆగింది గానీ సెంటు ఆగలేదు.

"లేదన్న సెంటు బాగానే ఉందే!" అంది కొరియరమ్మాయి. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు సార్. మిమ్మల్ని కొరుక్కు తినాలనిపిస్తోంది."

"కొరికే యోగం నాకు లేదులే" అంది బామ్మగారు దవడ పట్టుకుని.

మొగుడుగారికి నవ్వు రాలేదు. నాలుగు గోడలూ మీదికి జరుగుతున్నట్టనిపించింది. తలుపు సందులో వేళ్లు పెట్టి లాగాడు. కదల్లేదు. చేతిరుమాలుతో చొక్కా తుడిచాడు. ఇప్పుడు రుమాలు కూడా సాక్ష్యం చెప్పడానికి సిద్ధమైంది. చొక్కా విప్పేద్దామని రెండు గుండీలు తీశాడు. ఎదురుగా ఆడవాళ్లిద్దరూ కనిపించి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈ వాసనతో ఇంటికెళ్తే నా కాపురం అయిపోయినట్టే" అన్నాడు గోడతో చెప్పుకుంటున్నట్టు.

"మీ ఆవిడకి కోపం ఎక్కువా నాయనా?" అంది బామ్మగారు.

"కోపం కాదండీ, ముక్కు. మా ఇల్లు నడిచేదే ఆవిడ ముక్కు మీద."

"కోపం ఉండేదీ అక్కడేగా!"

"మీకు తెలీదు. మా ఇంట్లో సబ్బుకి కూడా వాసన ఉండకూడదు. గుమ్మంలో నిలబడితే చాలు, మధ్యాహ్నం ఏం తిన్నానో, ఎవరి పక్కన కూర్చున్నానో చెప్పేస్తుంది. ఇదైతే వీధి చివరే పట్టేస్తుంది."

కొరియరమ్మాయి కళ్లు చిన్నవి చేసింది. "అంటే, ఈ సెంటు ఆవిడకి తెలుసా?"

"తెలియకపోవడమా!" అన్నాడాయన తడిసిన జేబు వంక చూసుకుని.

"తెలిసినావిడ సెంటేనన్నమాట!" బామ్మగారు బుగ్గ నొక్కుకోబోయి, పన్ను గుర్తొచ్చి ఆగింది. "ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఈ వ్యవహారం?"

"ఎన్నాళ్లూ లేదండీ. ఇదే మొదటిసారి. ఇదే ఆఖరిసారి అనుకున్నాను."

"అందరూ అలాగే అనుకుంటారు సార్" అంది కొరియరమ్మాయి. "పైన ఎదురుచూస్తున్నారా?"

ఆయన మీటల వంక చూశాడు. అన్నిటికంటే పై అంతస్తు మీట ఇంకా ఎర్రగా వెలుగుతోంది.

"చూస్తున్నారు."

"ఇంట్లో ఇల్లాలిని పెట్టుకుని ఇదేం బుద్ధి నాయనా?"

"ఆవిడ బంగారమండీ. అదే నా బాధ. ఎక్కడికెళ్లినా ఆవిడ పేరే. నేను ఆవిడ వెనకాల సంచీ పట్టుకున్న మనిషిని. పైనవాళ్లు ఒక్కరే నన్ను రండి, కూర్చోండి అన్నారు. నాకూ ఓ కుర్చీ ఉందనిపించింది."

ఆ మాటకి కొరియరమ్మాయి కూడా వేళాకోళం మానేసింది.

అంతలో ఆయన ఫోను మోగింది. తెర మీద 'ఇంటావిడ' అని వెలిగింది. మొగుడుగారు దాన్ని కాలిన పెనం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎత్తకపోతే అనుమానం, ఎత్తితే అవమానం.

"ఇటివ్వు" అని లాక్కుంది బామ్మగారు. "నీ మొహం చూసి కాదు, ఆ పిల్ల మనసు కష్టపడకూడదని." చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు కూడా పెట్టింది.

"అమ్మాయ్, నేను లిఫ్టులో బామ్మని. లిఫ్టు ఆగిపోయింది. మీ ఆయన క్షేమం. చొక్కా మాత్రం క్షేమం కాదు. నా సెంటు సీసా పగిలి ఆయన మీద పడింది. ఇంటికొచ్చాక ఆ వాసన పట్టుకుని సెంటిమెంటు పెంచుకోకు తల్లీ. సెంటు నాదే."

మొగుడుగారి ప్రాణం లేచొచ్చింది. బామ్మగారికి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, పోనీలెండి" అంది అవతలి గొంతు నవ్వుతూ. "ఇంతకీ మంచి సెంటేనా?"

అబద్ధం నిలబడాలంటే వివరాలు గట్టిగా ఉండాలని బామ్మగారి అనుభవం. ఊపిరి నిండా పీల్చింది.

"మంచిదేమిటి తల్లీ! పాలలో పంచదార మాడీ మాడనట్టు. దాని మీద తెల్లపూలు. చివర్లో ఎక్కడో రవ్వంత పొగ. ఎండ తగ్గి, చలి ఇంకా రాక, దుప్పటి తియ్యాలా వద్దా అనుకునే రోజులుంటాయి చూడు, అచ్చం ఆ రోజుల్లా ఉంటుంది."

అవతల నవ్వు ఆగింది.

"మీరున్నది ఏ బిల్డింగు బామ్మగారూ?"

"పళ్ల డాక్టరు ఉన్నదే, గడియారం బిల్డింగు. నేను డాక్టరు దగ్గరికి. మీ ఆయన పై అంతస్తుకి."

మొగుడుగారు ఫోను మీదికి దూకాడు. మధ్యలో అట్టపెట్టె అడ్డొచ్చింది.

"బామ్మగారూ," అంది ఇంటావిడ, కింద కాపలావాడికి కూడా వినపడేంత స్పష్టంగా, "మీరు చెప్పింది రాబోయే శరత్కాలానికని నేను ఆర్నెల్లు కూర్చుని కలిపి, ఇంకా పేరైనా పెట్టకుండా నిన్ననే మా బీరువాలో దాచిన ఒకే ఒక్క సీసా, ఆ పై అంతస్తులో ఉన్నది మా పోటీ సెంట్ల కంపెనీ."