కమల చదివిన కార్డు

పదిహేను రోజులుగా కమల చదువుకు రావడం లేదు.

సుందరమ్మకు అది మింగుడుపడలేదు. టెలిఫోన్ ఆఫీసులో పని ముగించుకుని, రోజూ సాయంత్రం కిషన్‌బాగ్‌లోని చర్చి వరండాలో పిల్లలను కూర్చోబెట్టుకునేది ఆమె. అందరూ కూలీల పిల్లలు, రిక్షా తొక్కేవాళ్ల పిల్లలు. తోటి ఉద్యోగుల ఇళ్లకు వెళ్లి, వాళ్ల పిల్లలు చదివేసిన పుస్తకాలు అడిగి తెచ్చేది. ఊడిన అట్టలు అతికించి పంచేది. ఇచ్చిన పుస్తకం మూడో రోజుకల్లా తిరిగిచ్చి ఇంకొకటి అడిగేది కమల ఒక్కతే.

ఆరు నెలల కిందట అదే పిల్ల రెండక్షరాలు కలిపి చదవలేకపోయేది. తల్లి నీలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నీలమ్మ అఫ్జల్‌గంజ్‌లో వైకుంఠం సేఠు ధాన్యం దుకాణంలో పప్పులు చెరుగుతుంది. మొగుడు ఓదెలు అంతకు కొన్ని వారాల ముందే బొంబాయి వెళ్లాడు, బిల్డింగ్ పనికి. నెలకో కార్డు ఎవరిచేతనో రాయించి పంపేవాడు. నీలమ్మకు చదువు రాదు. పోస్ట్‌మన్ గల్లీలో నిలబడి చదువుతుంటే చుట్టుపక్కల వాళ్లంతా వినేవారు.

“మా ఆయన మాట నా బిడ్డ నోట వినాలె టీచరమ్మా, గదొక్కటి చాలు” అంది ఆ రోజు.

కమల నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, ఈసారి కార్డు వస్తే తనే చదువుతానని వరండాలో అందరికీ చెప్పుకుంది. ఆ తర్వాతే రావడం మానేసింది.

ఆదివారం సుందరమ్మ వెతుక్కుంటూ పురానాపూల్ వెళ్లింది. కమల వంతెన గోడ పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. టీచర్ను చూసి లేచి ఇంట్లోకి పరుగెత్తింది. రెండు పుస్తకాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“గివి తీస్కో టీచర్. నాకు చదువద్దు.”

సుందరమ్మ పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి ఎందుకని అడిగాక, పిల్ల మూసీ వైపు చూస్తూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు పోస్ట్‌మన్ కార్డు కమల చేతిలో పెట్టి, ఆగకుండా వెళ్లిపోయాడట. పొయ్యి దగ్గరున్న నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిందట. తడబడకుండా చదవాలని కమల మొదటి నాలుగు పంక్తులూ లోలోపలే చదువుకుంది. నాలుగో అంతస్తులో కట్టిన కర్రలు విరిగి ఓదెలు కింద పడ్డాడు. దవాఖానాకు చేరకముందే పోయాడు. దహనం కూడా అతనితో గదిలో ఉండే కూలీలే చేసేశారు.

కమల తలెత్తింది. తల్లి కన్నార్పకుండా కార్డునే చూస్తోంది. ఆమెకు ఏడో నెల.

“అమ్మ పడిపోతదని భయమైంది టీచర్” అంది కమల. “నేను మంచిగున్న, పీరీల పండుగకు వస్తున్న, పైలంగ ఉండుండ్రి... గిట్ల చదివిన.”

“అమ్మ ఏమన్నది?”

“నెత్తి మీద చెయ్యి పెట్టి, మంచిగ చదివినవ్ బిడ్డా అన్నది.”

ఆ కార్డును కమల అదే సాయంత్రం ముక్కలు చేసి మూసీలో పారేసింది. వెనకటి కార్డులను నీలమ్మ పోస్ట్‌మన్ చేత రెండేసి సార్లు చదివించుకునేది. దీన్ని మాత్రం మళ్లీ చదవమనలేదు. ఏదని కూడా అడగలేదు. ఎప్పుడు అడుగుతుందోనని పిల్ల రోజూ వణికిపోతోంది.

“శుక్రవారమే పండుగ” అంది కమల. “నువ్వొక కార్డు రాయి టీచర్, బాపు రాసినట్టు. పని కాడ సుట్టి దొరకలేదని రాయి. నేను చదువుత.”

“తర్వాత?”

“ఇంకోటి రాయి. పాప పుట్టేదాంక.”

తొమ్మిదేళ్ల పిల్ల అదంతా లెక్కవేసుకుని ఉంది. అక్షరాలు దిద్దించింది తను. ఇంత బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టింది తనేనా అనిపించింది సుందరమ్మకు.

సోమవారం పోస్టాఫీసులో కార్డు కొన్నది. ‘నీలమ్మకు’ అని రాసింది. తర్వాతి మాట కోసం కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చచ్చిపోయిన మనిషి పేరు మీద క్షేమం రాయడానికి చెయ్యి ఆడలేదు. రాయకపోతే శుక్రవారం ఆ పిల్ల గతేమిటి? నిజం చెబితే కడుపుతో ఉన్న మనిషి తట్టుకుంటుందా? ఎటు చూసినా దారి కనబడలేదు. చివరికి ఒకటే తేల్చుకుంది. ఇది పిల్ల మొయ్యాల్సిన బరువు కాదు.

మంగళవారం సెలవు పెట్టి అఫ్జల్‌గంజ్ వెళ్లింది.

దుకాణం వెనక బస్తాల మధ్య నీలమ్మ కందిపప్పు చెరుగుతోంది. టీచర్ను చూసి గోనె పరిచి కూర్చోమంది. తనే ముందు మాట్లాడింది.

“కమల చదువు మానుతనంటున్నది టీచరమ్మా. మాననియ్యకు.”

సుందరమ్మ నీలమ్మ పక్కకు జరిగి, ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

“గా కార్డుల కమల నీకు చదివింది నిజం కాదు నీలమ్మా...”

నీలమ్మ చేట ఆగింది. హమాలీలెవరైనా వింటున్నారేమోనని ఒకసారి అటూ ఇటూ చూసింది. మళ్లీ చెరగసాగింది.

“మనిషి పోతే కార్డు మూల చింపి పంపుతరు టీచరమ్మా” అంది తలెత్తకుండానే, “చదువు రానోళ్లకు గూడ తెల్వాలని.”